అసృగ్దరము : వైద్యశాస్త్రమును ధర్మశాస్త్రమును

స్త్రీలకు మాసమాసమునఁ గలుగు రజస్స్రావము పరిమితిని మీఱి బహుదినములు నిలువక సాగుటయు, కాలము గాని కాలమునఁ గనఁబడుటయు ఒక వ్యాధియని భారతీయవైద్యులు మిక్కిలి ప్రాచీనకాలముననే గుర్తించిరి. సంస్కృతగ్రంథములలో దీనికి అసృగ్దరము, ప్రదరము, రక్తప్రదరము అను నామములు గలవు. అసృక్కనఁగా నెత్తురు. రజస్సు విశేషముగాఁ బ్రసరించుటచేత ప్రదరమను పేరు గలిగెనని చరకుఁడు నిర్వచనము సెప్పెను. తెలుఁగునాఁటి వైద్యులును గృహిణులును దీనిని ఎఱ్ఱకుసుమ యనియు, ఎఱ్ఱబట్ట యనియు వ్యవహరింతురు. తెల్లకుసుమ లేక తెల్లబట్ట యనునది వేఱొక వికారము.

ఈ వ్యాధినిగూర్చి వైద్యగ్రంథము లేమి చెప్పెనో, ధర్మగ్రంథ మేమి విధించెనో, లోకాచార మేమి చేసెనో, నవీనశాస్త్ర మేమి చేర్చెనో వరుసగా విమర్శింపఁదగియున్నది. ఇది కేవలము గ్రంథకుతూహలమునకై చేయు విమర్శనము గాదు. తెలుఁగుసీమలలో నీ వ్యాధి యొకవంక సిగ్గుచేత దాఁపఁబడుచున్నది. వేఱొకవంకఁ దొందరపాటుచేత గర్భాశయమునే కోసి తీసివేయుటకుఁ గారణమగుచున్నది. ఈ రెండు దోషములకును శాస్త్రమునందు సమ్మతి లేదని చూపుట యవసరము.

వ్యాధి నెఱుఁగవలయునన్న మొదట స్వస్థలక్షణము నెఱుఁగవలయును. చరకసంహితయందు చికిత్సాస్థానమున 30వ యధ్యాయము యోనివ్యాపత్తులను గూర్చినది. అందు శుద్ధార్తవలక్షణ మీవిధముగాఁ జెప్పఁబడినది: నెలకొక పర్యాయము గలుగవలయును, జిగురును మంటయు నొప్పియు నుండరాదు, అయిదు రాత్రులు సాగవచ్చును, మిక్కిలి హెచ్చుగాని మిక్కిలి తక్కువగాని కారాదు. సుశ్రుతుఁడు శారీరస్థానము 2వ యధ్యాయమున వర్ణమును బట్టి నిర్ణయించెను. కుందేటి నెత్తురువలె నైనను, లక్కరసమువలె నైనను ఉండి, బట్టకు మరక పట్టనిది శుద్ధమని యాతని మతము. వాగ్భటుఁడు అష్టాంగహృదయమున రజస్సు మూఁడు దినములు స్రవించుననియు, పండ్రెండేండ్లకుఁ బైని మొదలై యేఁబదియేండ్లకు క్షయించుననియుఁ జెప్పెను.

చరకుని యయిదు రాత్రులకును వాగ్భటుని మూఁడు దినములకును విరోధము గలదని కొందఱు శంకింపవచ్చును. కాని యొకఁడు సామాన్యముగాఁ గనఁబడు కాలమును, వేఱొకఁడు దోషము లేక సాగఁదగిన యవధిని చెప్పినట్లు గ్రహించినచో విరోధము తొలఁగును. స్త్రీవైద్యనిపుణుల యంతర్జాతీయసంఘము 2018లో సవరించిన నిర్ణయమునుబట్టి 8 దినములవఱకు స్రావము సాగుట స్వస్థతలోనిదే. దానికి మించినది దీర్ఘస్రావము. ఒక రజోదర్శనమునుండి మఱియొకదానివఱకు 24 మొదలు 38 దినముల యెడముండవచ్చును. పరిమాణమును గొలుచుటకుఁగూడఁ బ్రయత్నములు జరిగినవి. స్వీడను దేశమునందలి గోథెన్‌బర్గు నగరమున జరిగిన పరిశోధనము 1966లో ప్రకటింపఁబడఁగా, నొక నెలలో 80 మిల్లీలీటర్లకు మించి నెత్తురు పోవుట యధికమని వైద్యలోకమున నొక హద్దేర్పడెను. అయినను ఇండ్లలో నెవరును నెత్తురును గొలువఁజాలరు. అందుచేత 2007లో బ్రిటనునందలి వైద్యమార్గదర్శకులు ఆ కొలతను ప్రధానముగా నెంచక, స్త్రీయొక్క దేహమునకును మనస్సునకును నిత్యవ్యవహారమునకును బాధ గలిగించునంతటి స్రావము అధికమే యని నిర్ణయించిరి. చరకుఁడు తులామానములతోఁ బని లేక, హెచ్చును తక్కువయు గాకుండవలెనని మాత్రము చెప్పి యూరకుండుట లోపమని తోఁపవచ్చును. కాని రోగిణిని ప్రశ్నించి యెఱుఁగవలసిన విషయమునకు అంతకంటె నిశ్చితమైన కొలత దొరకదని నవీనులును దుదకు అంగీకరించినట్లయినది.

ఇఁక వ్యాధిస్వరూపము. ఆర్తవమే యతిప్రసంగముచేతఁ బ్రవర్తిల్లినను, ఋతువు గాని కాలమునఁ బ్రవర్తిల్లినను అసృగ్దరమని తెలియవలెనని సుశ్రుతుని మతము. ఈ లక్షణమునందు రెండంశములు గలవు. ఒకటి పరిమాణకాలములయందలి యాధిక్యము, రెండవది యకాలప్రవృత్తి. నేఁటి వైద్యులును ఈ రెంటిని వేఱుచేసియే విచారింతురు. పిదప సుశ్రుతుఁడు అతిస్రావమువలనఁ గలుగు నుపద్రవములను లెక్కించెను: దౌర్బల్యము, తలతిరుగుట, మూర్ఛ, కన్నులకుఁ జీఁకటి గ్రమ్ముట, దప్పిక, తాపము, ప్రలాపము, పాండుత్వము, తంద్ర, వాతరోగములు. ఇందుఁ బాండుత్వమనునది మిక్కిలి ముఖ్యము. నెత్తురు పోయినకొలఁది దేహమునందలి యినుము క్షీణించి రక్తము పలుచనగుననియు, అందువలననే నీరసమును ఆయాసమును గలుగుననియు నేఁడు విస్పష్టముగాఁ దెలిసియున్నది. కారణము తెలియకున్నను కార్యమును సుశ్రుతుఁడు తప్పక చూచెను.

నిదానవిషయమున గ్రంథకర్తల దృష్టి క్రమముగా విస్తరించినట్లు గానవచ్చును. చరకుఁడు ప్రధానముగా నాహారదోషములనే చెప్పెను. ఉప్పు, పులుపు, కారము, గురుపదార్థములు, విదాహమును గలిగించునవి, క్రొవ్విన మాంసములు, పులగము, పాయసము, పెరుఁగు, పులియఁబెట్టిన ద్రవములు, సుర మొదలగువానిని మితిమీఱి సేవించుటచేత వాతము ప్రకోపించి రక్తమును వృద్ధినొందించునని యాతని సిద్ధాంతము. మాధవకరుని రోగవినిశ్చయము, అనఁగా మాధవనిదానము, ఈ పట్టికకు మఱికొన్ని కారణములను జేర్చినది. గర్భపాతము, అతిమైథునము, వాహనప్రయాణము, దూరపునడక, శోకము, ఉపవాసాదులచేత నతిగాఁ గృశించుట, బరువులు మోయుట, దెబ్బ తగులుట, పగటినిద్ర యను నివి యందుఁ జేరినవి.

ఈ రెండు పట్టికలను ప్రక్కప్రక్కనుంచి పరిశీలించినచో మాధవుని విశేషము వ్యక్తమగును. గర్భపాతమును ఆతఁడు స్పష్టముగాఁ బేర్కొనెను. నేఁడు సంతానవయస్సునందున్న స్త్రీకి అకాలస్రావము గలిగినచో వైద్యుఁడు మొట్టమొదట విచారింపవలసినది గర్భమున్నదా, అది చెడినదా యనియే. శోకమును కార్శ్యమును రజఃక్రమమును జెఱచుననుటయు నేఁటి వైద్యులెఱిఁగినదే. ఉప్పు పులుపులనుగూర్చి చెప్పినదానికి మాత్రము నవీనపరీక్షలలో నాధారము గనఁబడలేదు. ప్రాచీనగ్రంథమునందలి ప్రతివాక్యమునకును నవీనార్థమును గట్టిపెట్టుట పాండిత్యము గాదు. నిజమైనదానిని నిజమనియు, కాలముతోఁ దొలఁగినదానిని దొలఁగినదనియుఁ జెప్పుటయే గ్రంథగౌరవము.

వ్యాధి వాతజము, పిత్తజము, కఫజము, సన్నిపాతజము అని నాలుగు విధములు. వాతజమునందు స్రావము నురుగుతోఁగూడి పలుచనై, మోదుగుపూవుల నీటి వన్నెతో నుండి, నడుమునను గజ్జలయందును బ్రక్కలయందును నొప్పి గలుగును. పిత్తజమునందు నీలపీతకృష్ణవర్ణములతో వేఁడిగాఁ బ్రవర్తించి మంట పుట్టించును. కఫజమునందు జిగురై, పాలిపోయిన వన్నె గలిగి, చల్లగా నుండును. ఈ విభాగము నవీనుల విభాగముతో నొకటికొకటిగా సరిపోలదు. కాని స్రావముయొక్క వర్ణమును, సాంద్రతను, నొప్పి స్థానమును వేర్వేఱుగాఁ బరిశీలించి యడుగు పద్ధతి మాత్రము నేఁటికిని వైద్యునకు మేలైనదే. అసాధ్యలక్షణమును వారు మఱవలేదు. ఎడతెగక స్రవించుచు, దప్పిక, తాపము, జ్వరములతోఁగూడి, రక్తము క్షీణించి, బలము నశించిన స్త్రీని అసాధ్యగాఁ బేర్కొనిరి. ఆ యవస్థ రాకముందే చికిత్స సేయవలెననుట యిందలి తాత్పర్యము.

చికిత్సావిషయమునఁ జరకసుశ్రుతు లిరువురు నొకే దారిని ద్రొక్కిరి. ఉపద్రవము లల్పమై, హితమును సేవించు తరుణికి రక్తపిత్తమునకుఁ జెప్పిన విధానమునే చేయవలెనని సుశ్రుతుఁడనెను. రక్తాతిసారమునకును, రక్తపిత్తమునకును, రక్తార్శస్సునకును జెప్పిన యౌషధములను బ్రయోగింపవచ్చునని చరకుఁడనెను. నెత్తురు ఏ ద్వారమునఁ బోవుచున్నను దానిని నిలుపు సూత్ర మొక్కటియే యను నభిప్రాయ మిందున్నది. పుష్యానుగచూర్ణమను ప్రసిద్ధయోగము చరకునిదే. పుష్యనక్షత్రమున మూలికలను సేకరింపవలెననుటచేత దాని కాపేరు గలిగినది. అందు లొద్దుగ, అనఁగా లోధ్రము, ఒకటి. తేనెతో నా చూర్ణమును గలిపి బియ్యపుఁగడుగుతో సేవింపవలెనని విధి.

అశోకపుఁబట్టను పాలలోఁ గాఁచి యిచ్చు యోగము చక్రపాణిదత్తుని చికిత్సాసంగ్రహమునఁ గలదు. అశోకారిష్టము భైషజ్యరత్నావళియందుఁ జెప్పఁబడినది. సాహిత్యపరిచయము గలవారికి అశోకము చిరపరిచితము. కంకేళి యనియు, వంజుళమనియుఁ గవులు వర్ణించిన వృక్షమిదియే. సుందరి పాదతాడనముచేత నిది పూచునను దోహదకథ కాళిదాసుని మాళవికాగ్నిమిత్రమునకుఁ గథాంగమైనది. కావ్యమున స్త్రీ పాదస్పర్శచేఁ బూచిన చెట్టే వైద్యమున స్త్రీరోగమునకు మందైనది. అయితే యిచట నొక ప్రమాదము గలదు. తెలుఁగుదేశమునఁ దోఁటలయందును వీథులప్రక్కలను నిటారుగాఁ బెరిగి, జనులచేత నశోకమని పిలువఁబడు చెట్టు నిజమైన యశోకము గాదు, అది నారమామిడి. దాని పూవులు పసిమి గలసిన యాకుపచ్చనివి. నిజమైన యశోకపుఁ బూవులు నారింజవన్నెతో వికసించి యెఱ్ఱనగును. అంగళ్లయందు నారమామిడిపట్ట యశోకపట్టగాఁ జెలామణి యగుట వృక్షశాస్త్రజ్ఞులకుఁ దెలిసిన విషయమే. నిజమైన యశోకమో, పట్టకొఱకు మితిమీఱి నఱకఁబడి, క్షీణించుచున్న వృక్షజాతులలోఁ జేరినది. ఇదియుఁగాక, అశోకలోధ్రముల గుణమును నిస్సంశయముగా నిర్ణయించుటకుఁ దగినంత పెద్ద పరీక్షలు జరుగలేదు. కావున వానిమీఁదనే యాధారపడి రోగకారణమును విచారింపకుండుట తగదు.

ఇఁక ధర్మశాస్త్రము. రజస్వలకు విధింపఁబడిన నియమములు సర్వజనవిదితములు. దీర్ఘస్రావముచేఁ బీడింపఁబడు స్త్రీ యా నియమములచేత నెలలో సగముదినములు ఇంటివెలుపలనే యుండవలసివచ్చునను భయముచేతఁ దన వ్యాధిని దాఁచుకొనుట పల్లెలయందు నేఁటికిని జరుగుచునే యున్నది. కాని పరాశరస్మృతి 7వ యధ్యాయమున నీ విషయమే విచారింపఁబడినది. రోగముచేత దినదినమును బ్రవర్తిల్లు రజస్సువలన స్త్రీ కశుచిత్వము లేదనియు, అది స్వాభావికమైన ఋతుస్రావము గాదనియు నా స్మృతి నిర్ణయించెను. ఈ స్మృతికి మాధవాచార్యుల వ్యాఖ్యానము దక్షిణదేశమున మిక్కిలి ప్రామాణికము. రోగస్రావమును ఋతుస్రావమునుండి వేఱుచేసిన యీ నిర్ణయమునకును, సుశ్రుతుని లక్షణమునకును నెంత సామ్యము గలదో విజ్ఞులు గమనింతురుగాక. వైద్యశాస్త్రము దానిని రోగమనినది. ధర్మశాస్త్రము దానియందు మైల లేదనినది. లోకాచారము మాత్రము ఆ రెంటిని మఱచి, రోగిణిని వైద్యుని గుమ్మమునకుఁ బోనీయక నిలిపినది. దోషము శాస్త్రముది గాదు. శాస్త్రమును సగమే చదివిన యాచారముది.

నవీనశాస్త్రము చేర్చినదానిలో మొదటిది కారణవిభాగము. 2011లో నంతర్జాతీయసంఘము స్రావకారణములను రెండు తెగలుగా విభజించెను. మొదటి తెగ గర్భాశయమునందు కంటికిఁ గనఁబడు మార్పులు: పాలిప్ అను మాంసాంకురములు, ఎడినోమయోసిస్ అనఁగా లోపలిపొర కండరములోనికిఁ జొచ్చుకొనిపోవుట, ఫైబ్రాయిడ్లు అను కండరపు గడ్డలు, క్యాన్సరును దానికిఁ బూర్వావస్థయు. రెండవ తెగ కంటికిఁ గనఁబడనివి: రక్తము గడ్డకట్టుశక్తి లోపించుట, అండము క్రమముగా విడుదల కాకుండుట, గర్భాశయపుఁ బొరయందలి వికారము, మందులవలనను గర్భనిరోధసాధనములవలనను గలుగునది, ఇంకను నిర్ణయింపఁబడనిది. రజస్వలయైన తొలియేండ్లలోను, ముట్లుడుగుకాలమునకు దాపునను అండవిసర్జనము సరిగా లేకుండుటయే తఱచు కారణము. థైరాయిడ్ గ్రంథి వికారము చేతఁగూడ నిట్లు గలుగవచ్చును.

రక్తము గడ్డకట్టని కారణము ప్రాచీనుల పట్టికలలో లేదు. దాని చరిత్రము శోచనీయము. ఫిన్లండు దేశమున ఎరిక్ వాన్ విలెబ్రాండ్ అను వైద్యునియొద్దకు 1924లో ఆలండ్ దీవులనుండి అయిదేండ్ల బాలిక తీసికొనిరాఁబడెను. ఆమె తోఁబుట్టువులలోఁ గొందఱు చిన్నతనముననే నెత్తురు నిలువక మరణించియుండిరి. ఆ వంశమును బరిశోధించి, యంతకుముందు దెలిసిన హీమోఫీలియాకంటె నిది భిన్నమనియు, స్త్రీలకును సంక్రమించుననియు 1926లో నాతఁడు ప్రకటించెను. వ్యాధికి నాతని పేరు నిలిచినది. ఆ బాలిక మాత్రము పదుమూఁడవయేట, తన నాలవ ఋతుస్రావముననే మరణించెను. తొలిముట్టునుండియు నతిస్రావమున్న బాలికకు ముక్కునుండియుఁ జిగుళ్లనుండియు నెత్తురు వచ్చుచున్నదా యని నేఁటి వైద్యు లడుగుట కిదియే మూలము.

రెండవది చికిత్స. జపానుదేశీయులైన ఉటాకో ఒకమోటో, షోసుకే ఒకమోటో అను దంపతులు కనుఁగొన్న ట్రానెక్సామిక్ ఆమ్లము 1962లో ప్రకటింపఁబడినది. ప్రసవానంతరరక్తస్రావముచేత మరణించు స్త్రీలను రక్షింపవలెననుటయే వారి సంకల్పము. గడ్డకట్టిన నెత్తురు త్వరగాఁ గరఁగకుండఁ జేసి స్రావమును దగ్గించుట యా మందు పని. ముట్టుదినములలో మాత్రమే దీనిని సేవింతురు. నరములలో నెత్తురు గడ్డకట్టిన పూర్వవృత్తాంతము గలవారికిఁ దగదు. అమెరికాలో నీ రోగమునకు దీనిని 2009లో ననుమతించిరి. హార్మోనుమాత్రలును గలవు. గర్భాశయములోపల నిలిచి లెవొనోర్జెస్ట్రెల్ అను మందును గొంచెముగొంచెముగా వదలు సాధనము 1990లో ఫిన్లండునఁ బ్రచారమునకు వచ్చినది. ఇది యనేకులకు శస్త్రచికిత్స యవసరమును దప్పించినది. మాంసాంకురములను, గడ్డలను మాత్రమే తొలఁగింపవచ్చును. వీనితోఁబాటు ఇనుము నిచ్చి పాండురోగమును మాన్పవలెను. గర్భాశయమును దీసివేయుట తుదిమార్గము.

తెలుఁగుదేశముతో నీ చరిత్రకు గల సంబంధము తక్కువది గాదు. మద్రాసు వైద్యకళాశాల 1875లో స్త్రీలను విద్యార్థినులుగాఁ జేర్చుకొనెను. 1885లో నా నగరమున గోషాస్త్రీలకై ప్రత్యేకవైద్యశాల వెలసెను. పురుషవైద్యునకుఁ జెప్పుకొనలేని బాధను స్త్రీవైద్యురాలికిఁ జెప్పుకొను నవకాశము తెలుఁగుజిల్లాలతోఁగూడిన రాజధానియందుఁ గలిగినది. అటుపిమ్మట కె. ఎన్. కేసరిగారు చెన్నపురియందుఁ గేసరికుటీరమును నెలకొల్పి, స్త్రీల గర్భాశయవ్యాధులకు ‘లోధ్ర’ యను నౌషధమును బ్రచారము చేసిరి. చరకుని చూర్ణమునందలి లోధ్రమే యా పేరునకు మూలము. ఆయన 1928లో ‘గృహలక్ష్మి’ మాసపత్రికను స్థాపించిరి. 1934 మొదలు రచయిత్రులకు స్వర్ణకంకణ మొసఁగుచు వచ్చిరి. తొలికంకణమును గనుపర్తి వరలక్ష్మమ్మగారు గైకొనిరి. స్త్రీరోగౌషధముతోఁ బ్రసిద్ధిగన్న కుటీరమునుండి స్త్రీసాహిత్యమునకుఁ బోషణము లభించుట తెలుఁగు వాఙ్మయచరిత్రమున స్మరింపఁదగినది.

ప్రస్తుతస్థితి యానందకరముగా లేదు. 2019-21 జాతీయకుటుంబారోగ్యపరిశీలనమునుబట్టి 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో దేశమున నూటికి 57 మంది రక్తహీనులు. ఆంధ్రప్రదేశమునను దెలంగాణమునను నిష్పత్తి యించుక హెచ్చు. ఇందంతకును రజస్స్రావమే కారణము గాదు, ఆహారలోపమును గలదు. 2015-16 పరిశీలనమున గర్భాశయమును దీయించుకొన్నవారు దేశమున నూటికి సుమారు ముగ్గురుండఁగా, ఈ రెండు రాష్ట్రములలో ఎనమండ్రకు దాపైరి. అట్లు తీయించుకొన్నవారిలో సగమునకుఁ బైగా చెప్పిన కారణము అతిస్రావమును దత్సంబంధమైన నొప్పియునే. అనవసరముగా గర్భాశయమును దీయుటను నివారింపవలెనని 2023లో సర్వోన్నతన్యాయస్థానము రాష్ట్రముల కాదేశించెను.

నిదానము నెఱుఁగక చికిత్సకుఁ బూనరాదనుట ప్రాచీనవైద్యుల మూలసూత్రము. దాఁచుటయందును నిదానము లేదు. తొందరపడి కోయుటయందును నిదానము లేదు. ఎనిమిది దినములకు మించి స్రవించినను, గంటకో రెండుగంటలకో బట్ట తడియుచున్నను, పెద్దగడ్డలు పడుచున్నను, తల తిరిగి మూర్ఛ వచ్చుచున్నను, రెండు ముట్ల నడుమఁగాని సంగమానంతరముగాని నెత్తురు గనఁబడినను, గర్భముండఁగా స్రవించినను, ముట్లుడిగిన యేఁడాదికిఁ బిదప నొక్క చుక్క కనఁబడినను ఆలసింపక వైద్యునిఁ జూడవలెను. బాలికలకు విద్య గఱపువారు సుశ్రుతుఁడు చెప్పిన పాండుత్వలక్షణమును, పరాశరుఁడు చెప్పిన నిర్ణయమును సంకోచము లేక బోధించినచో, సిగ్గుచేతను మైలభయముచేతను వ్యాధిని దాఁచుకొను బాలిక లనేకులు సకాలమున వైద్యునిఁ జేరఁగలరు.